పాత జనరేషన్ ప్రాసెసరా, కొత్తదా?

తాంబరం నుంచి:
మా తమ్ముడు ఇంజనీరింగ్ రెండో ఏడు. కోడింగ్‌కి, కాస్త వీడియో ఎడిటింగ్‌కి డెస్క్‌టాప్ కావాలి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో ఒక షాపులో ఇంటెల్ ఐ5-12400 చాలన్నారు. పక్క షాపులో పాతది కొంటే డబ్బు దండగ, ఏఎండీ వాళ్ల రైజెన్ 5 7600 తీసుకోమన్నారు. ఇంట్లో పాత పీసీలో 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉంది. ఏది మంచిదంటారు?

పెరంబూరు నుంచి:
కళ్లు మూసుకుని కొత్తదే తీసుకోండి. 12400 అంటే ఇంటెల్ 12వ జనరేషన్, అది 2021లో మొదలైంది. ఇవాళ పాతది కొని రెండేళ్లకి మళ్లీ మార్చే కన్నా ఇప్పుడే ఇంకొంచెం పెట్టడం నయం. ఇంటెలే కావాలంటే 14వ జనరేషన్ ఉంది కదా.

టీ నగర్ నుంచి:
పెరంబూరు గారూ, ఆ "కళ్లు మూసుకుని" దగ్గరే నాకు పేచీ. నంబరు పెరిగినంత మాత్రాన లోపల చిప్ మారిపోదు. 2023లో వచ్చిన 14వ జనరేషన్ డెస్క్‌టాప్ చిప్పులు చాలావరకు 13వ దాని డిజైనే. పైగా ఆ రెండింటిలో కొన్ని చిప్పులు అవసరానికి మించి వోల్టేజీ తీసుకుని పాడయ్యాయి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (చిప్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచాల్సి వచ్చింది. 12వ జనరేషన్‌కి ఆ బెడద లేదు.

అలాగని పాతదల్లా మంచిదనను. ఆ దెబ్బ నేనే తిన్నాను. ఒక షాపతను "ఐ7 సార్" అంటే మురిసిపోయి సెకండ్‌హ్యాండ్ ఐ7-4770 కొన్నాను. అది 2013 నాటి చిప్. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే అనుమతి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. ప్రాసెసర్, మదర్‌బోర్డు, డీడీఆర్3 ర్యామ్, మూడూ మార్చాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అన్నే కోర్లున్న ఐ3-12100 దానికన్నా ఎంతో వేగం.

తాంబరం గారూ, మీ విషయంలో తేల్చాల్సింది బోర్డు సంగతి. 12400కి డీడీఆర్4 బోర్డు దొరుకుతుంది, మీ ర్యామ్ పనికొస్తుంది. కాకపోతే దాని సాకెట్, అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు, 14వ జనరేషన్‌తో ఆగిపోయింది. 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డులో డీడీఆర్5 ర్యామ్ తప్ప పట్టదు, మీ పాతది పనికిరాదు. కానీ 2027 దాకా ఆ సాకెట్‌ని కొనసాగిస్తామని ఏఎండీ మాటిచ్చింది. కాలేజీ పనికైతే నేను 12400 తీసుకుని, మిగిలిన డబ్బు మంచి ఎస్‌ఎస్‌డీ మీద పెడతాను. చివర "ఎఫ్" ఉన్నది మాత్రం వద్దు, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు, తెర మీద బొమ్మ రావాలంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి.

తాంబరం నుంచి:
ఇప్పుడే కొటేషన్ తీసి చూశానండీ. 12400ఎఫ్ అనే రాశారు. గ్రాఫిక్స్ కార్డు అందులో లేనే లేదు!

పెరంబూరు నుంచి:
అయితే ముందు అది మార్పించండి. ర్యామ్ ఉన్న సంగతి నేను పట్టించుకోలేదు, అక్కడ టీ నగర్ గారి మాట నిజమే. కానీ చదువు అయ్యాక కూడా ఇదే మెషీన్ వాడేటట్టయితే నా ఓటు ఏఎం5కే.