కొత్త కాక్‌టెయిల్ పక్షికి మొదటి విజిట్‌లోనే ఇన్ని టెస్టులా?

తణుకు_సుధ: మా అమ్మాయి పోరు పడలేక పోయిన ఆదివారం ఒక కాక్‌టెయిల్‌ని (కాకటీల్ అనే చిన్న చిలక జాతి పక్షి) తెచ్చాం. ఇంట్లో ఇప్పటికే రెండు బడ్జీలు (బుల్లి చిలకలు) ఉన్నాయి. మా పశువుల డాక్టరు గారు కాటా మీద పెట్టి 84 గ్రాములన్నారు, రొమ్ము ఎముక తడిమారు, రెట్ట మైక్రోస్కోపు కింద చూసి పురుగులు లేవన్నారు. అంతే. కాకినాడలో పక్షుల్ని చూసే డాక్టరమ్మ మాత్రం చిలక జ్వరానికి (సిట్టకోసిస్), ఈకలు రాలిపోయే వైరస్‌కి పీసీఆర్ పంపమంటున్నారు. శాంపిల్ కొరియర్‌లో వేరే ఊరు వెళ్లాలట. ఖర్చు పక్షి ధర దాటేస్తోంది. పైగా మా అత్తగారికి ఆస్తమా. చేయించమంటారా?

పెద్దబాబు_పాలకొల్లు: ఎందుకండీ అనవసరంగా! గింజలు తింటోందా, ఈల వేస్తోందా, తోక పైకీ కిందకీ ఆడకుండా ఊపిరి తీస్తోందా చూడండి. మా నాన్న కాలం నుంచీ పక్షులు పెంచుతున్నాం, ఎన్నడూ రక్తం తీయించలేదు. మా కస్టమర్ ఒకాయన కనూర్ చిలకని ఆసుపత్రికి తీసుకెళ్తే మెడ దగ్గర సూది గుచ్చారు. సాయంత్రానికి పోయింది. ఏ ఆసుపత్రో చెప్పను. అరచేతిలో పట్టే ప్రాణికి రక్తం ఎంతుంటుందండీ?

ల్యాబ్_సత్యవతి: లెక్క ఉందండీ. ఆరోగ్యంగా ఉన్న పక్షి నుంచి బరువులో ఒక శాతం దాకా తీయొచ్చు. 84 గ్రాములంటే 0.8 మి.లీ. పీసీఆర్‌కి చుక్క చాలు. చిలక జ్వరానికైతే సూదే అక్కర్లేదు, గొంతులోనూ రెట్ట ద్వారం దగ్గరా స్వాబ్ తిప్పితే సరిపోతుంది. ఇక హుషారు సంగతి. పక్షి జబ్బుని ఆఖరి రోజు దాకా దాస్తుంది. ఈల వేసే పక్షి కూడా రెట్టలో క్రిములు వదులుతుంది, ఆ రెట్ట ఎండి దుమ్మైతే మనం పీలుస్తాం. జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు, ముదిరితే న్యుమోనియా. ఇంట్లో పక్షులున్నాయని చెప్పకపోతే డాక్టరుకి ఆ అనుమానమే రాదు.

పందెంకోడి_రాజు: మా కోళ్లకి కొక్కెర తెగులు టీకా ఒక్కటే. ఏ టెస్టూ లేదు. ఆయ్.

పెద్దబాబు_పాలకొల్లు: సరే సత్యవతి గారూ, చుక్కే అనుకుందాం. ఆ చుక్క తీసేవాడికి చెయ్యి తిరిగి ఉండాలిగా? గేదెలకి సూదులు వేసే చేత్తో కాక్‌టెయిల్‌ని పట్టుకుంటే ఏమవుతుంది? రొమ్ము నొక్కేస్తే ఊపిరాడదు.

ల్యాబ్_సత్యవతి: స్వాబ్ అన్నాను, సూది అనలేదు.

పెద్దబాబు_పాలకొల్లు: స్వాబ్‌కైనా పట్టుకోవాలి కదండీ!

లంక_గాలి: ఆస్తమా ఉన్న ఇంట్లో కాక్‌టెయిలా? దాని ఒంటి నుంచి తెల్లపొడి రాలుతూనే ఉంటుంది. అన్ని టెస్టులూ నెగెటివ్ వచ్చినా ఆ పొడి ఎక్కడికీ పోదు.

తణుకు_సుధ: ఈ మాట ఎవరూ చెప్పలేదండీ!

పెద్దబాబు_పాలకొల్లు: ఇంకోటి అడుగుతాను. నెగెటివ్ వస్తే లేనట్టేనా? ఆ క్రిమి రోజూ బయటికి రాదని మీ లాంటివాళ్లే చెబుతారు. మరి డబ్బులు దేనికి?

ల్యాబ్_సత్యవతి: నిజమే, ఒక్క నెగెటివ్‌తో గ్యారంటీ లేదు. అందుకే మూడు నాలుగు రోజుల రెట్ట కలిపి పంపుతారు, కొత్త పక్షిని నెలా నెలన్నర వేరే గదిలో పెడతారు. పాజిటివ్ వస్తే మాత్రం దారి తెలుస్తుంది. డాక్సీసైక్లిన్ 45 రోజులు, నోటి మందైతే అన్నాళ్లూ కాల్షియం ముక్క పంజరంలోంచి తీసేయాలి. ఈకల వైరస్‌కి ఆ మందూ లేదు. బడ్జీలకి అంటితే అంతే. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. సంతలో కొన్న ఆఫ్రికన్ లవ్ బర్డ్‌కి ఈకలు గొట్టాల్లోంచి విచ్చుకోకుండానే రాలిపోయేవి. రిపోర్టు తీసుకెళ్లి చూపిస్తే అమ్మినాయన పక్షిని వెనక్కి తీసుకున్నాడు. వారం తిరక్కుండా దాన్నే ఇంకొకరికి అమ్మాడు.

పెద్దబాబు_పాలకొల్లు: అది నేనే అనిపించేలా రాయకండి.

ల్యాబ్_సత్యవతి: గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి? అమ్మేముందు మీరే టెస్ట్ చేయించి రిపోర్టుతో ఇస్తే ఈ గొడవే ఉండదు కదా.

పెద్దబాబు_పాలకొల్లు: చేయిస్తాను. ఒకదానికి పాజిటివ్ వస్తుంది. షెడ్డులో మిగతా వాటి మాటేంటి? 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ప్రభుత్వం చంపించిన కోళ్లకి పరిహారం ఇచ్చే పద్ధతైనా ఉంది. నా పక్షులకి ఎవరిస్తారు? మీరిస్తారా? ఊరంతా పేరు పోతుంది, సీజన్ పోతుంది. టెస్ట్ అంటే మీకు కాగితం, నాకు షెడ్డు.

గోదారోడు: ఇప్పటికి అసలు మాట బయటపడింది.

ల్యాబ్_సత్యవతి: అంటే తెలియకుండా ఉండటమే మీకు లాభం. ఆ నష్టం ఆవిడ అత్తగారి ఊపిరితిత్తుల్లోకి పోయినా పర్లేదు.

పెద్దబాబు_పాలకొల్లు: మాటలు జాగ్రత్త అమ్మా.

తణుకు_సుధ: మీరిద్దరూ కాస్త ఆగండి. పెద్దబాబు గారూ, మా ఆయన ఈ పక్షిని తెచ్చింది మీ షెడ్డు నుంచే. గ్రే రంగు, ఎడమ కాలి గోరు ఒకటి లేదు. పంజరాన్ని డాబా మీది గదికి మార్చాం, అత్తయ్య అటు వెళ్లరు. అడుగున కాగితం తడిపాకే తీస్తున్నాను, ముక్కుకి మాస్కు కట్టుకుని. రేపు స్వాబ్ ఇప్పిస్తున్నాను. ఖర్చులో సగం మీరు పెట్టుకుంటారా?

పందెంకోడి_రాజు: అబ్బో.

పెద్దబాబు_పాలకొల్లు: ఆ గోరు లేనిదా... దాని గూటివి ఇంకా మూడున్నాయి నా దగ్గర. సగం ఇస్తానమ్మా. కానీ ఏం వచ్చినా రిపోర్టు నా పేరుతో ఇక్కడ పెట్టకండి.

ల్యాబ్_సత్యవతి: పాజిటివ్ వస్తే ఆ మూడింటినీ అమ్మకం ఆపుతారా? అది చెప్పండి ముందు.