నర్సింగ్‌కి ఏఏఎస్ మంచిదా, ఏఎస్ మంచిదా?

గోరింట:
డాలస్ దగ్గర ఉంటాం. హెచ్4 వీసా మీద పని అనుమతి (ఈఏడీ) ఉంది, ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్స్ కావాలని ఉంది. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో నర్సింగ్‌కి అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్, అంటే ఏఏఎస్ అనే రెండేళ్ల డిగ్రీ ఇస్తారట. ఫ్లోరిడాలో ఉన్న మా చెల్లి మాత్రం "మాకు ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) ఇస్తారు, అప్లైడ్ డిగ్రీ పైచదువుకి పనికిరాదు" అంటోంది. టెన్షన్‌గా ఉంది.

నైట్‌డ్యూటీ:
గోరింట గారూ, ఆ పేరు కోసం నిద్ర పాడుచేసుకోకండి. డాలస్ కాలేజీ, కాలిన్ కాలేజీ ఇచ్చేది ఏఏఎస్. మయామీ డేడ్ ఇచ్చేది ఏఎస్. ఎక్కడ చదివినా నర్స్ లైసెన్సు కోసం రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్. బీఎస్ఎన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్స్ చేసిన వాళ్లు రాసేదీ అదే. రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆమోదం, నర్సింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఏసెన్ లాంటి సంస్థ గుర్తింపు ఉన్నాయో లేదో చూడండి చాలు.

కృష్ణాతీరం:
చాలు అంటే నేను ఒప్పుకోను. చెల్లెలి మాటలో నిజం ఉంది. ఏఏఎస్ నేరుగా ఉద్యోగం కోసం పెట్టిన డిగ్రీ. రేపు నర్సింగ్ వదిలి వేరే సబ్జెక్టులో బ్యాచిలర్స్‌కి వెళ్తే చాలా క్రెడిట్లు పోతాయి. న్యూయార్క్‌లోనైతే 2017 చట్టం ప్రకారం కొత్త ఆర్‌ఎన్‌లు 10 ఏళ్లలో బీఎస్ఎన్ పూర్తి చేయాలి. నర్సింగ్ సేవల నాణ్యతకి ఇచ్చే మాగ్నెట్ గుర్తింపున్న ఆసుపత్రుల్లో నర్స్ మేనేజర్ కావాలన్నా బీఎస్ఎన్ ఉండాల్సిందే.

నైట్‌డ్యూటీ:
బీఎస్ఎన్ కావాలంటే కాదనను. కానీ న్యూయార్క్ గడువు ఏఎస్ వాళ్లకీ వర్తిస్తుంది కదండీ! ఆర్‌ఎన్ లైసెన్సు చేతికొస్తే యూటీ ఆర్లింగ్టన్‌లో మిగతాది ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, అక్కడ ఏఏఎస్ అడ్డు కాదు. నాకు అసలు భయం వేరే ఉంది. కొన్ని కాలేజీల్లో ప్రీ-నర్సింగ్ పేరుతో ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్), ఏఎస్ ఉంటాయి. అవి యూనివర్సిటీకి బదిలీ అవడానికే. వాటితో ఎన్‌క్లెక్స్ రాయనివ్వరు. ఏఎస్ అని ఉంది కదా అని అందులో చేరితే రెండేళ్లు, ఫీజు పెట్టాక కూడా నర్స్ కాలేరు. చేరేముందు "ఇది అయ్యాక ఎన్‌క్లెక్స్ రాయొచ్చా?" అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

గోరింట:
ఇండియాలో బీఎస్సీ చేశాను, బయోటెక్. అది పనికొస్తుందా?

కృష్ణాతీరం:
ముందే చెప్పాల్సింది! డిగ్రీ ఉంటే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్, అంటే వేరే డిగ్రీ ఉన్నవాళ్లు త్వరగా ముగించే బీఎస్ఎన్ చూడండి, ఏడాది, ఏడాదిన్నరలో అయిపోతుంది. మధ్యలో ఈ ఏఏఎస్ దేనికి?

నైట్‌డ్యూటీ:
అది పూర్తిగా ఫుల్‌టైమ్, ఫీజు కమ్యూనిటీ కాలేజీకి ఎన్నో రెట్లు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏఏఎస్ వైపే నా ఓటు. ఏ దారైనా ముందు ఇండియా మార్కుల జాబితాలు ఎవాల్యుయేషన్‌కి, అంటే అమెరికా చదువుతో పోల్చి చూసే సంస్థకి పంపండి. పాత అనాటమీ, మైక్రోబయాలజీ క్రెడిట్లని చాలా కాలేజీలు ఒప్పుకోవు, మళ్లీ చదవమంటాయి.