గోల్ కొడితే మనవాడు, మిస్సయితే నల్లవాడా? మా వాడికి ఏం చెప్పాలి?

మా అబ్బాయికి పదకొండేళ్లు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు సాకా అంటే ప్రాణం, ఆ 7 నంబర్ జెర్సీ ఉతకడానికి కూడా ఇవ్వడు. 2021లో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగిన యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్పు) ఫైనల్ వీడియో మొన్న చూశాడు. ఇటలీతో షూటౌట్‌లో ఇంగ్లండ్ నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫర్డ్, సాంచో, సాకా ముగ్గురూ పెనాల్టీలు మిస్సయ్యారు కదా, అప్పటికి సాకాకి 19 ఏళ్లే. ఆ రాత్రి వాళ్ల ఇన్‌స్టా పోస్టుల కింద వరుసగా కోతి బొమ్మలు పెట్టారని తెలిసి వీడు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

1996 యూరో సెమీఫైనల్లో జర్మనీ మీద ఇంగ్లండ్ తెల్లజాతి ఆటగాడు సౌత్‌గేట్ కూడా పెనాల్టీ మిస్సయ్యాడు, తిట్లూ తిన్నాడు, కానీ ఎవరూ ఆయన రంగు ఎత్తలేదు. 2021లో ఇంగ్లండ్ కోచ్ ఆయనే. ఈ తేడా ఎందుకని వాడు అడుగుతున్నాడు.

నా ఇబ్బంది ఇంకోటి ఉంది. మా ఇంట్లోనే రోజూ "ఎండలో ఆడకురా, నల్లబడిపోతావు" అంటాం, నేనూ అన్నాను. అలాంటప్పుడు వాడికి ఏ మొహంతో చెప్పాలి?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచుతున్నవాళ్లు, స్కూల్ టీచర్లు, కోచ్‌లు ఎవరైనా ఉంటే, మీరు పిల్లలతో ఎక్కడ మొదలుపెట్టారో, ఏ మాటలు వాడారో కాస్త వివరంగా రాయండి ప్లీజ్.