బిడ్డ బియ్యం బుక్కుతున్నది, హిమోగ్లోబిన్ 8.2, గోలీలు పడ్తలేవు. ఏం చేయాలె?

హన్మకొండ_అమ్మ:
అందరికి నమస్తే. మా బిడ్డ ఇంటర్ సెకండియర్ బైపీసీ, 17 ఏండ్లు. మొన్న ఆదివారం దాని కాలేజీ బ్యాగు దులుపుతుంటే పదో తరగతిల కొన్న జామెట్రీ బాక్సు బయటపడ్డది, తెరిచి చూస్తే కంపాసు లేదు స్కేలు లేదు, నిండా బియ్యం. అడిగితే ముందుగాల నవ్వింది, తర్వాత ఏడ్చింది. క్లాసుల కూడ బుక్కుతదట, ఆగబుద్ధి కాదట, వాన పడి మట్టి వాసన వస్తే నోట్లె నీళ్లు ఊరుతయంట.

ఆర్నెల్ల సంది గమనిస్తున్న, రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసపడ్తది, పొద్దున ఎంత లేపినా లేవది, పొద్దుందాక చదువుతది గని తలకెక్కుతలేదంటది, చిన్న మాటంటే కస్సుమంటది. నేను ఫోన్ల పుణ్యమే అనుకున్న, రెండుసార్లు గట్టిగ తిట్టిన కూడ. డాక్టరమ్మ దగ్గరికి తోల్కపోతే కనురెప్ప కిందికి లాగి చూసింది, రక్తపరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఐరన్ గోలీలు ఇచ్చింది, ఆరు రోజులు వేసుకున్నది, కడుపు గట్టిపడ్డది, దొడ్డికి నల్లగ అయితున్నదని భయపడి బంద్ చేసింది.

మా అత్తమ్మేమో గోలీలు వేడి చేస్తయి, బీట్‌రూట్ జ్యూసు, బెల్లం పల్లీలు పెట్టు నెలల రక్తం పడ్తది అంటున్నది. అది సరిపోతదా? ఇంకొకటి, ఈ కోపం, మతిమరుపు కూడ రక్తం లేకనేనా లేకపోతే నేను ఊరికె దానికి దీనికి ముడిపెడ్తున్ననా? తెలిసినోళ్లు చెప్పండి ప్లీజ్.

పరకాల_సిస్టర్:
అక్కా, నేను స్టాఫ్ నర్సుని, 14 ఏండ్ల సంది ఇదే పని. ముందు బిడ్డను తిట్టుడు బంద్ పెట్టండి, బియ్యం బుక్కుడు అలవాటు కాదు, ఇనుము తక్కువైనోళ్లకు అట్ల గుంజుతది, కొందరు బలపాలు తింటరు, కొందరు ఫ్రిజ్‌లకెల్లి ఐసు ముక్కలు నములుతరు, కడుపుతోని ఉన్నోళ్లు గోడ సున్నం గీకి తిన్నది కూడ చూసిన నేను. ఐరన్ ఒంటికి పడ్డంక చాలామందికి అది దానంతట అదే పోతది.

ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలె. 8 దాటి 11 లోపు ఉంటే మధ్యరకం, 8 కంటె కిందికి పోతే సీరియస్. మీ బిడ్డ అంచు మీద ఉన్నది, అందుకని తిండితోని ఎక్కిస్తం అని ఆలస్యం చేయకండి.

నల్లగ అవుడు చూసి భయపడొద్దు, ఒంటికి పట్టని ఐరన్ అట్లనే పోతది. గట్టిపడితే నీళ్లు ఎక్కువ తాగిపియ్యండి, జామపండు, ఆకుకూరలు పెట్టండి, అయినా పడకపోతే డాక్టరమ్మను అడిగి మందు మార్పించుకోండి గని మీ అంతట మీరు ఆపకండి. రోజు విడిచి రోజు ఇచ్చే పద్ధతి కూడ ఉన్నది, అది కూడ అడగండి. ఒక డోసు పడ్డంక ఒక రోజంతా లివర్ నుంచి హెప్సిడిన్ అని ఒక హార్మోన్ ఎక్కువ వస్తది, పేగుల దగ్గర గేటు వేసినట్టు చేస్తది, అందుకే మర్నాడు వేసిన గోలి అంతగ లోపలికి పోదు. రోజు విడిచి రోజు వేస్తే కడుపు ఇబ్బంది కూడ తగ్గుతది చాలామందికి.

అసలు ముచ్చట, గోలి దేనితోని వేసుకుంటున్నది? నెలసరి ఎన్ని రోజులు అయితది, ఎక్కువ పోతున్నదా? నులిపురుగుల గోలి ఎప్పుడు వేసిండ్రు? ఇవి మూడు చెప్పండి.

బెల్లంపల్లీలు:
మా నానమ్మకు 88, ఒక్క గోలి మింగిన పాపాన పోలే, జొన్న గటక, పుంటికూర, ఉలువచారు. ఇప్పుడు ప్రతిదానికి ట్యాబ్లెట్. బీట్‌రూట్ జ్యూసు తాగితే మా చెల్లెకు నెలల 2 పాయింట్లు పెరిగింది, నా కండ్లతోని చూసిన.

ల్యాబ్_తమ్ముడు:
బెల్లంపల్లీలు అన్నా, నానమ్మ తిన్న ఉలువలు, నువ్వులు, సజ్జలల్ల ఐరన్ నిజంగనే మంచిగుంటది, దాన్ని ఎవరు కాదంటలేరు. బీట్‌రూట్‌ల మాత్రం 100 గ్రాములకు 1 మిల్లీగ్రాము కూడ ఉండది, రంగు చూసి మోసపోవుడే. దానిమ్మ కూడ గంతే. హైదరాబాద్ తార్నాకల ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2020ల చెప్పిన లెక్క ప్రకారం ఆడోళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలె. బీట్‌రూట్‌తోని అది నింపాలంటె రోజుకు మూడు కిలోలకు పైన తినాలె! బెల్లం గూడ నమ్ముకుంటే సరిపోదు, మేడారంల దాన్ని బంగారం అంటరు, నాకు ఆ భక్తి ఉన్నది, గని రక్తం లెక్కల్ల అది బంగారం కాదు. మీ చెల్లె గోలీలు కూడ వేసుకుంటుండెనా లేదా అడిగి చూడు ఒకసారి.

మాంసంల ఉండే ఇనుము తేలికగ ఒంటికి పడ్తది, ఆకుకూరలు, పప్పులల్లది చాలా తక్కువ పడ్తది, పుల్లటిది ఏదన్న తోడైతే పెరుగుతది. అందుకే తినేటోళ్లయితే వారానికి రెండుసార్లు కార్జం వండుర్రి, యాట కోసిన ఇంట్ల నల్ల (యాట రక్తం) వేపుడు దొరికితే ఇంకా మంచిది. తిననోళ్లు తోటకూర పప్పుల నిమ్మకాయ పిండుకోవాలె.

అక్కా, రిపోర్టుల ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సైజు) అని ఉంటది, అది కూడ తక్కువ ఉంటే ఫెర్రిటిన్ చేపియ్యండి. ఫెర్రిటిన్ అంటే ఒంట్ల దాసుకున్న ఇనుము లెక్క. ఎందుకు చెప్తున్ననంటే కొందరికి పుట్టుకతోనే తలసేమియా (హిమోగ్లోబిన్ సరిగ తయారుకాని జబ్బు) లక్షణం ఉంటది, వాళ్లకు కూడ ఎంసీవీ తక్కువే వస్తది గని ఇనుము మంచిగనే ఉంటది, ఊరికె ఐరన్ గోలీలు మింగుడు వాళ్లకు దండగ, ఎక్కువైతే నష్టం కూడ. పరీక్ష చేపియ్యకుండ నెలల తరబడి మింగుతనే ఉన్నోళ్లను మస్తు చూసిన.

కాజీపేట_రైలు:
కోపం, మతిమరుపు గురించి అడిగిండ్రు కద, నా ముచ్చట చెప్త. పోయిన ఏడాది గ్రూప్స్ ప్రిపరేషన్‌ల ఉన్నప్పుడు రాత్రి పండుకుంటే కాళ్లు నిమ్మళంగ ఉండకపోయేవి, లోపల చీమలు పాకినట్టు, లేచి హాస్టల్ వరండాల అటు ఇటు తిరిగితే గాని ఆగకపోయేది. గుండె దడ, ఊరికె ఏడుపు. ఒక క్లినిక్‌ల టెన్షన్ అని నిద్రగోలీలు రాసిండ్రు, రక్తపరీక్ష మాటే ఎత్తలే. మూడు నెలలకు ఇంకో డాక్టర్ ఫెర్రిటిన్ చేపిస్తే 6. హిమోగ్లోబిన్ మాత్రం 11.8, అంటే కొంచెమే తక్కువ, అందుకే ఎవరు పట్టించుకోలే.

ఆయన చెప్పిందేందంటే, ఇనుము రక్తానికే కాదు, మెదడుల డోపమైన్, సెరటోనిన్ అనే కబురు మోసే రసాయనాలు తయారైతానికి కూడ కావాలె, హిమోగ్లోబిన్ పడిపోక ముందే నిల్వలు ఖాళీ అయితయి అని. అట్లని ప్రతి బాధ ఐరన్ వల్లనే అని కాదు, నాకు పరీక్షల భయం కూడ ఉండె. గని ఐరన్ గోలి సరిగ వేసుకుంటున్నంక కాళ్లు గుంజుడు మాత్రం ఆరేడు వారాలల్ల పోయింది. చదివిన పేజీ మళ్లీ చదువుడు కూడ తగ్గింది.

అంతకుముందు నేను చేసిన తప్పు, పొద్దున గోలి, దాని మీద అల్లం చాయ్. రెండు నెలలు నీళ్లల్ల పోసినట్టే అయింది.

హన్మకొండ_అమ్మ:
అయ్యో, మాది కూడ చాయే! గోలి నోట్లె వేసుకుని చాయ్‌తోనే మింగుతది, నేనే ఇస్తున్న గ్లాసు చేతికి. నెలసరి ఏడెనిమిది రోజులు అయితది సిస్టర్, మొదటి మూడు రోజులు మస్తు ఇబ్బంది పడ్తది, అందరికి ఇంతే అనుకున్నం. నులిపురుగుల గోలి బడిల ఉన్నప్పుడు వేసిండ్రు, తర్వాత గుర్తులేదు.

పరకాల_సిస్టర్:
అగో, దొరికింది. చాయ్, కాఫీ గోలికి రెండు గంటలు ఎడంగ ఉండాలె. పాలు, క్యాల్షియం గోలి, గ్యాస్ గోలి కూడ దాంతోని వద్దు. పరిగడుపున నిమ్మకాయ నీళ్లతోని వేయండి, వాంతికొచ్చినట్టయితే అన్నం తిన్నంక వేసినా పరవాలేదు, అసలు వేయకపోవుడు కంటె నయం. ఏడెనిమిది రోజులు ఎక్కువ పోతున్నదంటే గైనిక్ డాక్టర్‌కు చూపియ్యండి, కుండకు చిల్లు ఉంచి ఎన్ని బిందెలు పోస్తే ఏం లాభం. హిమోగ్లోబిన్ 12కు వచ్చినంక కూడ నిల్వల కోసం ఇంకో మూడు నెలలు వేయాలె, చాలామంది అక్కడ్నే ఆపుతరు, ఏడాదికి మళ్లీ మొదటికి వస్తరు.

బడిల ఇచ్చే నీలం గోలీలు వారానికి ఒకటి, అవి రాకుండ కాపాడేటియి, వచ్చినంక అవి సరిపోవు. ఇంకోమాట, ఇంట్ల చిన్నపిల్లలుంటే గోలీల డబ్బా పైన పెట్టండి, చాక్లెట్ అనుకుని నాలుగైదు మింగితే పానం మీదికి వస్తది.

హన్మకొండ_అమ్మ:
(ఐదు వారాల తర్వాత) అందరికి థ్యాంక్స్. ఫెర్రిటిన్ 7 వచ్చింది ల్యాబ్ తమ్ముడూ. రోజు విడిచి రోజు ఇయ్యమన్నది డాక్టరమ్మ, నెలసరికి వేరే మందు రాసింది. ఇప్పుడు 10.1. బియ్యం బుక్కుడు మూడో వారంలనే తగ్గింది, పొద్దున అదే లేస్తున్నది. కోపం మాత్రం ఉన్నది, అది నా పోలికేమో మరి.

అత్తమ్మ ల్యాబ్‌కు తోడొచ్చి నాకు కూడ గుచ్చుమన్నది, ఆమెకు 9.4. 63 ఏండ్లు. బిడ్డ గోలీలే ఈమెకు కూడ మొదలుపెట్టమంటరా?

పరకాల_సిస్టర్:
వద్దక్కా, మీ అంతట మీరు పెట్టకండి. నెలసరి ఆగిపోయిన పెద్దామెకు, అట్లనే మొగోళ్లకు రక్తం తగ్గిందంటే ఎక్కడ్నో లోపల పోతున్నదేమో చూడాలె, కడుపుల పుండు, మొలలు, ఇంకేమన్న కావచ్చు. మోకాళ్ల నొప్పులకు గోలీలు మింగుతదా ఆమె, వాటితోని కూడ కడుపుల పుండు పడ్తది? ఇంకా గోలీలు మొదలుపెట్టలే కద, దొడ్డికి నల్లగ అయితున్నదేమో అడగండి, ఆమెకైతే అది భయపడాల్సిందే. ఈ వారంలనే ఫిజీషియన్ దగ్గరికి తోల్కపోండి.

హన్మకొండ_అమ్మ:
నొప్పి గోలీలు రోజుకు రెండు వేస్తది సిస్టర్, రెండేండ్ల సంది. రేపే తోల్కపోత.