నల్ల మస్టాంగ్ మీద సాలెగూడు గీతలు: మిషన్ పెట్టి తీయాలా, వాక్స్‌తో కప్పాలా?

నయీంనగర్ నలుపు:
అన్నలూ, బండి 2018 ఫోర్డ్ మస్టాంగ్ కారు, నలుపు. నీడల అద్దం లెక్క ఉంటది. ఎండలకు తెస్తే బానెట్ మీద సూర్యుని చుట్టూ సాలెగూడే. ఒక షాపాయన రోటరీతో (ఒక్కతీరుగ గిరగిర తిరిగే పాలిష్ మిషన్) కాంపౌండ్ (గరుకు పాలిష్) కొడదాం అంటున్నడు, ఇంకొకాయన గ్లేజ్ (గీతల్ని నింపే క్రీమ్), వాక్స్ చాలంటున్నడు. పెయింట్ మందం కొలిచే గేజ్ రీడింగులు: రూఫ్ 110–118 మైక్రాన్లు, బానెట్ 104–112, ఎడమ డోర్ 210. ఏది నయం?

బఫ్‌ప్యాడ్:
మిషనే. వాక్స్ గీతను నింపుతది, తీయదు. పగిలిన గోడకు సున్నం కొట్టినట్టే. గ్లేజ్‌ల నూనె రెండు మూడు షాంపూ వాష్‌లకే పోతది, సాలెగూడు మళ్లీ తేలుతది.
అన్నట్టు, ఆ గీతలు గుండ్రంగ ఉండయి తమ్మీ. అన్ని దిక్కులకూ సన్నగ ఉంటయి. వెలుతురుకు అడ్డం పడ్డవే మెరుస్తయి కాబట్టి చక్రం లెక్క కనపడుతది. టార్చి జరిపి చూడు, చక్రం సుత దాంతోనే జరుగుతది.

పొర పైలం:
నేను ఒప్పుకోను. సర్కారు అప్పట్ల 50 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ కవర్లు బంద్ పెట్టింది గదా, క్లియర్ కోట్ (రంగు మీది పారదర్శక పూత) మందం దాదాపు గంతే, చాలా బండ్లకు 40 చుట్టుపక్కల. గేజ్ చూపే 110ల ప్రైమర్ (అడుగు పూత), రంగు, క్లియర్ అన్నీ కలిసి ఉంటయి. క్లియర్ ఎంత మిగిలిందో అది చెప్పదు. ఉన్ని ప్యాడ్, గరుకు కాంపౌండ్, రోటరీ కలిస్తే ఒక్కసారికే 4–5 మైక్రాన్లు పోవచ్చు. బండి జీవితం మొత్తంల 8–10 దాటొద్దని జాగ్రత్తగల్ల డిటైలర్ల లెక్క. ఎండను ఆపే మందు సుత క్లియర్ కోట్‌లనే ఉంటది. అది పలుచబడితే మన మే నెల ఎండలకు రూఫ్ మీద తెల్లగ పొర లేస్తది. ఇగ మళ్లీ పెయింటే.
ఇంకొకటి. ఈ మోడల్ బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. ఇనుముకు మాత్రమే పనిచేసే చవక గేజ్ అక్కడ సరిగ చూపది. బంపర్ ప్లాస్టిక్, దాని మీద మామూలు గేజ్ ఏదీ చూపది. ఎడమ డోర్ 210 అంటే కంపెనీల కాదు, బయట షాపుల మళ్లీ పెయింట్ పడ్డదే.

బఫ్‌ప్యాడ్:
రోటరీయే పెట్టుమని ఎవరన్నరు? డీఏ మిషన్ (డ్యూయల్ యాక్షన్, తిరుగుకుంటనే అటిటు ఊగేది), మెత్తటి ఫోమ్, ఫైన్ పాలిష్ అయితే 1–2 మైక్రాన్లే పోతది. గేజ్ తప్పే గంత ఉంటది!

కాజీపేట జంక్షన్:
ఇద్దరూ ప్యాడ్ దగ్గరికి ఉరుకుతున్నరు. ముందు బండి మీద ఏమున్నదో తీయాలె. రైలు పట్టాల పక్కన నిలిపే బండికి సన్నటి ఇనుప రజను అతుక్కుంటది. ఐరన్ రిమూవర్ కొట్టి 3–4 నిమిషాలు ఆగితే ఊదా రంగుల కారుతది. ఎండిపోకముందే కడగాలె. తర్వాత లూబ్ (జారుడు ద్రవం) కొట్టి క్లేతో (మురికిని గుంజే మెత్తటి ముద్ద) రుద్దాలె. ఆ రజను ఉండంగ ప్యాడ్ తిప్పితే ప్యాడే గరుకు కాయితం అయితది.
ఆ తర్వాత బానెట్ మీద 18 అంగుళాల చదరం టేప్ కట్టి పరీక్ష చెయ్యి. 5 అంగుళాల ఫోమ్ ప్యాడ్, బటాణీ గింజంత పాలిష్ 4 చుక్కలు. 1 స్పీడుల పరిచి, 4–5ల నడుపు. చెయ్యి సెకనుకు అంగుళం చొప్పున జరగాలె, ఒక దారి మీద ఇంకో దారి సగం ఎక్కాలె, 4 నుంచి 6 సార్లు. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అతికే పళ్లెం) మీద మార్కర్‌తో ఒక గీత పెట్టుకో. గీత తిరుగుడు ఆగిందంటే ఎక్కువ ఒత్తుతున్నవు, లేకపోతే ప్యాడ్ వంపు మీద లేస్తున్నది. అప్పుడు డీఏ ఒణుకుతది తప్ప కొయ్యది. ఫైన్ పాలిష్‌తో పోకుంటేనే ఒక మెట్టు ఎక్కు. నేరుగ కాంపౌండ్‌తో మొదలువెట్టుడు తప్పు.
ప్యానెల్ మీద అరచెయ్యి నిలువకుంటే ఆపు. ప్లాస్టిక్ బంపర్‌కు వేడి తొందరగ దిగది, రంగు కాలుతది. ఎండకాలంల నీడపట్టున పొద్దుగాల 9 లోపే చెయ్యి, లేకుంటే పాలిష్ ఎండి దుబ్బ లేస్తది. ప్యానెల్‌కోసారి ప్యాడ్ బ్రష్‌తో దులుపు. బండికి 5–6 ప్యాడ్లు లేకుంటే మొదలేపెట్టకు.

పొర పైలం:
ఇది సరే. కానీ పరీక్ష చదరాన్ని ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కలిపిన నీళ్లతో తుడిచి చూడాలె. 10–15 శాతం చాలు. పాలిష్‌ల సుత నూనెలుంటయి, గీతల్ని నింపి దాస్తయి. తుడువకుండ ట్యూబ్‌లైట్ కింద చూపి "అద్దం అయింది సార్" అనే షాపును నమ్మకు. రోటరీ పనికి ఎండలనే అసలు సంగతి బయటపడుతది, పొడుగు పొడుగు మెరుపు పట్టీలు.

నయీంనగర్ నలుపు:
మరి వాక్స్ దేనికి?

బఫ్‌ప్యాడ్:
మెరుపుకు, నీళ్లు జారుడుకు. పలుచగ రాయి. వేలితో గీస్తే కింద శుభ్రంగ కనపడ్డంక తుడువు. మందంగ రాస్తే దండుగ, తుడిచేటప్పుడు ఇంకిన్ని గీతలు. కార్నౌబా (చెట్టు ఆకుల మైనంతో చేసిన వాక్స్) మన ఎండకు రెండు నెలలు నిలిస్తే గొప్ప. సింథటిక్ సీలెంట్ ఇంకా ఎక్కువ ఆగుతది. ఏదైనా గీతను ఆపది.

మంకమ్మతోట:
ఈ గీతలు యాడికెల్లి వచ్చినయో ఎవరూ అడుగలే! పొద్దుగాల పొడిగుడ్డతోని దుబ్బ తుడుసుడే. కరీంనగర్ దిక్కు గ్రానైట్ లారీల రోడ్లల్ల లేసే దుబ్బల క్వార్ట్జ్ ఉంటది, గాజును సుత గీస్తది. వాటర్ సర్వీసింగ్ షాపుల ఒక్క స్పాంజీ టైర్లకు, బానెట్‌కు అదే. ముందు ప్రెషర్‌తో దుబ్బ దింపి, రెండు బకెట్లు (ఒకటి షాంపూకు, ఒకటి మిట్ జాడిచ్చేటందుకు), మైక్రోఫైబర్ మిట్ (చేతి తొడుగు), పైనుంచి కిందికి కడగాలె. బోరునీళ్లు బండి మీద ఎండనియ్యొద్దు, సున్నపు మచ్చ క్లియర్ కోట్‌ను తింటది. ఆ పొడిగుడ్డ మానకుంటే నెలకు మళ్లీ సాలెగూడే, మళ్లీ 2 మైక్రాన్లు.

పొర పైలం:
మంకమ్మతోట అన్నది నూటికి నూరుపాళ్లు. అట్ల మానితేనే నేను మిషన్‌కు సై. అదీ 70–80 శాతం గీతలు పోయేదాకా. గోటికి తగిలే లోతు గీతల జోలికి పోకు, వాటిని వెంబడిస్తే క్లియర్ అయిపోయి అడుగు రంగు తేలుతది.

నయీంనగర్ నలుపు:
డోర్ సంగతేంది?

కాజీపేట జంక్షన్:
210 చూసి మందం ఉన్నదని మురువకు. కింద పుట్టీ ఉండొచ్చు, పైన క్లియర్ పలుచగనే ఉండొచ్చు. దానికి ఫైన్ పాలిష్ 2–3 సార్లు, అంతే. మడత గీతలు, అంచుల మీద మాస్కింగ్ టేప్ వెయ్యి, అక్కడ పూత అన్నిటికన్నా పలుచన. డోర్ అయినంక టేప్ వెంటనే పీకు, ఎండల మరిచిపోతే జిగురు దిగుతది.