చారిత్రక పార్కులోనే మకాం పెట్టి తోటపని చేసినవాళ్లున్నారా? (టెక్సస్)

ఆస్టిన్_సుబ్బు:
నమస్కారం. వయసు 59, సిటిజన్‌ని. ఉద్యోగం మానేశాను, పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు. పాత ఆర్వీ (ఇల్లులా వాడుకునే పెద్ద బండి) ఒకటి కొన్నాం. మన బండి పెట్టుకోవడానికి ఊరికే చోటిచ్చి, బదులుగా గడ్డి కోయడం, చెట్లు చూసుకోవడం లాంటి పనులు చేయించుకునే పార్కులున్నాయట. పాత కట్టడాలున్న పార్కయితే బాగుంటుందని నా ఆశ. మా ఆవిడేమో "జీతం లేని వెట్టిచాకిరీ, పైగా పాములు" అని ఒకటే టెన్షన్. ఇంకోటి, మా అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు. వాళ్లూ మాతో ఉండి కాస్త సాయం చేయొచ్చా?

కందుకూరు_కమల:
సుబ్బుగారూ, ఏటా చలికాలం హిల్ కంట్రీలో (టెక్సస్ నడిమధ్య కొండల ప్రాంతం) ఒక చారిత్రక పార్కులోనే మా మకాం. నీళ్లు, కరెంటు, డ్రైనేజీ కనెక్షన్ ఇస్తారు. పార్కును బట్టి వారానికి 20 నుంచి 32 గంటల దాకా పని అడుగుతారు. అది ఒక్కరికా, ఇద్దరికా అన్నది ముందే కాగితం మీద తేల్చుకోండి. వెట్టి అనిపించేది అక్కడే.

మామూలు పార్కుకీ దీనికీ తేడా పార పట్టుకుంటే తెలుస్తుంది. కంచె గుంజ పాతాలన్నా సొంతంగా తవ్వడానికి లేదు, పైవాళ్లు సరేననాలి. పాత మేకు కనబడినా అక్కడే వదిలేసి రేంజరుకి (పార్కు అధికారికి) చెప్పాలి.

మా పార్కులో చిన్న శ్మశానం ఉంది. సమాధి రాళ్ల దగ్గరికి వీడ్ ఈటర్ (నైలాన్ తీగ తిప్పి గడ్డి కోసే యంత్రం) రానివ్వరు, ఆ తీగ తగిలితే సున్నపురాయి గీసుకుపోతుంది. పీట వేసుకుని కూర్చుని రాయి చుట్టూ గడ్డి చేతి కత్తెరతో కత్తిరించాలి. కడగాలంటే నీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. బ్లీచ్, ఇనప బ్రష్షు ముట్టుకోకూడదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే. మా ఆయన మాత్రం రైడింగ్ మోవర్ (ఎక్కి నడిపే గడ్డి కోత బండి) దిగరు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మ నరకకూడదు. ఓక్ విల్ట్ అని బూజు తెగులు ఉంది. పచ్చి గాయం వాసనకి చిన్న పురుగులు చేరి దాన్ని అంటిస్తాయి. లైవ్ ఓక్‌ల (ఓక్‌లలో ఒక రకం) వేళ్లు లోపల కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఒక చెట్టుకి వస్తే వరసంతా పోవచ్చు. మిగతా నెలల్లో కోసినా గాయానికి అప్పటికప్పుడే పెయింటు పూయాలి. పెయింటు డబ్బా లేకుండా రంపం ముట్టుకుంటే మా రేంజరమ్మ ఊరుకోదు!

ర్యాటిల్ స్నేకులు ఉన్నమాట నిజమే. ఎత్తు బూట్లు వేసుకోండి, చెయ్యి పెట్టేముందు కర్రతో కదపండి. రోజూ ఏడిపించేవి ఎర్ర నిప్పుచీమలు. డిసెంబరు, జనవరిలో సీడర్ చెట్ల పుప్పొడికి ముక్కులు కారడం అదనం.

డాలస్_రావు:
పెద్దవాళ్లు చూడ్డానికి రావచ్చు గానీ పనిలో చెయ్యి వేయనివ్వకండి. వసతికి బదులు పని అంటే జీతం కిందే లెక్కేసే ప్రమాదముంది. నేషనల్ పార్క్ సర్వీసులో విదేశీయులకి వేరే వాలంటీర్ ప్రోగ్రాం, దానికి తగ్గ వీసా ఉన్నాయి. లాయర్ని ఒక మాట అడగండి. మీ సంగతికొస్తే, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పార్కయితే వాలంటీర్ ఒప్పందం మీద సంతకం అయ్యాకే పనిముట్టు పట్టండి. పనిలో దెబ్బ తగిలితే ఫెడరల్ ఉద్యోగులకిచ్చే పరిహారమే వర్తిస్తుంది.

ఆస్టిన్_సుబ్బు:
ఇద్దరికీ థాంక్స్. కమలగారి పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. పాముల పేరా దాటేశాను. ముందు ఏవి చూసి రమ్మంటారు?

కందుకూరు_కమల:
దాటేయకండి, చెప్పండి. బూట్లు ఆవిడా కొనుక్కోవాలి కదా! మీకు పడమరన స్టోన్‌వాల్ ఊరి దగ్గర మాజీ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ రాంచ్ (పశువుల క్షేత్రం) ఉంది. 1973లో ఆయన్ని అక్కడే, పెడెర్నాలెస్ నది ఒడ్డున ఓక్‌ల నీడలో ఖననం చేశారు. తూర్పున వాషింగ్టన్-ఆన్-ది-బ్రాజోస్, 1836లో మెక్సికో నుంచి టెక్సస్ స్వాతంత్ర్యం ప్రకటించిన చోటు. వెళ్లినప్పుడు తోటపని వాళ్లని పలకరించండి, వెబ్‌సైటులో లేనివన్నీ వాళ్లే చెప్తారు. చలికాలానికైతే ఇప్పట్నుంచే అడగాలి. మంచు రాష్ట్రాల రిటైర్డ్ జంటలు చాలా ముందే కర్చీఫ్ వేసేస్తారు.