మత్తు వాయువును ప్రాణాంతకం కాని ఆయుధంగా వాడటం అసలు సాధ్యమేనా? అనస్థీషియా డాక్టర్లు ఎవరైనా చెప్పండి

నమస్తే అండీ. 2002 అక్టోబరులో మాస్కో డుబ్రోవ్కా థియేటర్‌లో జరిగిన బందీల ఘటన గురించి చదువుతున్నాను. లోపల 800 మందికి పైగా బందీలు. రష్యా బలగాలు గాలి గొట్టాల ద్వారా ఫెంటనిల్ (చాలా బలమైన నొప్పి నివారణ, మత్తు మందు) జాతి మందును వదిలాయి. 130 మంది దాకా బందీలు చనిపోయారు, వారిలో ఎక్కువమంది ఆ వాయువు వల్లే. మనసు చాలా బాధపడింది.

నా సందేహం ఇది. ఆపరేషన్ థియేటర్‌లో ఒక్క రోగికి మత్తు ఇవ్వాలన్నా బరువు, వయసు, గుండె పరిస్థితి చూస్తారు, పక్కనే ఉండి ఊపిరి గమనిస్తారు. పిల్లలు, పెద్దవాళ్లు, ఆకలితో నీరసించినవాళ్లు కలిసి ఉన్న హాల్లో అందరికీ సరిపోయే డోసు అంటూ ఉంటుందా? గొట్టం దగ్గర కూర్చున్నవారికి ఎక్కువ, మూలన ఉన్నవారికి తక్కువ అందుతుంది కదా. అక్కడ స్పృహ తప్పినవాళ్లను వెల్లకిలా పడుకోబెట్టడంతో నాలుక వెనక్కి జారి కొందరికి ఊపిరాడలేదని, ఏ మందు వాడారో డాక్టర్లకు చెప్పలేదని చదివాను.

వెంటనే నాలోక్సోన్ (ఫెంటనిల్ లాంటి మందుల ప్రభావాన్ని తిప్పికొట్టే మందు) ఇచ్చి, పక్కకు తిప్పి పడుకోబెట్టి ఉంటే ఎక్కువమంది బతికేవారా? లేక అంతమందికి ఒకేసారి మత్తు ఇవ్వడమే ప్రమాదమా?

ఇంకోటి. మిరియాల స్ప్రే, బాష్పవాయువు కంటికి, చర్మానికి మంట పుట్టిస్తాయి, ఫెంటనిల్ లాంటి మత్తు మందులు నేరుగా మెదడుపై పనిచేస్తాయి. 2021లో రసాయన ఆయుధాల ఒప్పంద దేశాలు ఇలాంటి మందులను గాలిలో వదలడం పోలీసు పనికి కూడా తగదని తీర్మానించాయి. మరి బాష్పవాయువును అనుమతించడానికి ఈ తేడా ఒక్కటే కారణమా? చట్టం తెలిసినవారు కూడా దయచేసి వివరించండి.